ఎదురుమగ్గం దూరం

నేతక్క అసలు పేరు ఆమె తమ్ముడికి కూడా కాస్త ఆలోచిస్తే గాని గుర్తురాదు. బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో చేరిన నాటి నుంచి అందరికీ ఆమె నేతక్కే. మిల్లు మూతపడింది, షెడ్డుకి తాళం పడింది, పేరు మాత్రం మిగిలింది. పేరుతో పాటు చెవుడూ మిగిలింది. వయసంతా మర మగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు ఎక్కడుంటాయి? జీతం నెలనెలా చేతికిచ్చారు, చెవులు రోజూ కొంచెం కొంచెం పట్టుకుపోయారు అని ఆమే నవ్వుతూ చెప్పేది.

వింతేమిటంటే, ఆ హోరులో ఉన్నన్నాళ్లూ ఆమెకి మాటలకి కరువు లేదు. షెడ్డులో గొంతు పనికిరాదు. పక్కనే నిలబడి అరిచినా గాలికి పోతుంది. అందుకని అక్కడి ఆడవాళ్లు పెదాలతో మాట్లాడుకునేవాళ్లు. గొంతు తీయకుండా, నోరు నిండుగా తెరిచి, పెదాలు నిండుగా కలిపి, ఒక్కో మాటనీ గుడ్డ పరిచినట్టు పరిచి చూపించేవాళ్లు. ఇంటి సంగతులు, ఒంటి నొప్పులు, అత్తల మీద చాడీలు, అన్నీ అలాగే నడిచేవి. మేస్త్రి మీద వేళాకోళాలు మేస్త్రి ముక్కు ఎదుటే ఆడేవి. ఆయన చూసి, పాపం పాటలు పాడుకుంటున్నారు కాబోలనుకుని తల ఊపుతూ వెళ్లిపోయేవాడు.

ఆమెకి ఎదురుగా, మగ్గానికి అవతల నిలబడే మనిషి పేరు కూడా పనితో వచ్చినదే. ఎదురుమగ్గం. ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకునేది ఆ పేరుతోనే. ఆ షెడ్డులో ప్రతి మనిషికీ ముందొక మగ్గం, వెనకొక మగ్గం. ముందున్నది ఎవరిది వాళ్లు చూసుకుంటారు. వీపు వెనక ఉన్నది ఎదుటి మనిషి చూసిపెట్టాలి. వెనక మగ్గం మీద దారం తెగితే ఎదుటామె "తెగింది" అనాలి. ఈమె వెనక్కి తిరిగి, దారం ముడేసి, మళ్లీ ఇటు తిరిగి "కట్టేశా" అనాలి. ఆ జవాబు వచ్చేదాకా చెప్పిన మనిషి వదలకూడదు, అంటూనే ఉండాలి. లేకపోతే గుడ్డ పొడవునా గీత పడుతుంది. నీ వీపు నా కళ్లలో, నా వీపు నీ కళ్లలో. ఇంతకంటే నమ్మకం మొగుడూ పెళ్లాల మధ్య కూడా ఉండదేమో.

మిల్లు మూశాక ఎదురుమగ్గం తన కూతురి ఊరికి వెళ్లిపోయింది. నేతక్క తమ్ముడి ఇంట్లో వెనక గదిలోకి వచ్చింది.

తమ్ముడు మంచివాడు. మరదలు అంతకన్నా మంచిది. వేళకి తిండి, వేళకి మందులు, మాట మాత్రం వేళకి అందదు. అక్కకి వినపడదని తమ్ముడు అరుస్తాడు. అరిస్తే నోరు సాగిపోతుంది, సాగిన నోట్లో మాట ఆనవాలు దొరకదు. మరదలేమో పొయ్యి వైపు తిరిగి మాట్లాడుతుంది. కూర తిప్పుతూ, గిన్నెలు సర్దుతూ, పాపం ఎన్నో చెబుతుంది. వీపుకి పెదాలుండవు కదా. చెవి వెనక తగిలించుకునే మిషను ఉంది గాని, అది మాటనీ కుళాయి చప్పుడునీ ఒకే గంపలో పోసి తెచ్చి చెవిలో కుమ్మరిస్తుంది. భోజనాల దగ్గర అందరూ నవ్వాక నేతక్క నవ్వుతుంది, ఎందుకు నవ్విందో తెలియకుండా. ఆ నవ్వు తర్వాత అన్నం కాస్త చేదుగా ఉంటుంది.

రోజూ పొద్దున దేవుడి పటం ముందు చేతులు జోడించినప్పుడు ఆమె కోరిక ఏదీ కోరేది కాదు. ఒక్కటే అడిగేది. హోరులో నాకు మాటలిచ్చావు, నిశ్శబ్దంలో తీసేసుకున్నావు, ఇందులో నీ లెక్కేమిటి స్వామీ అని. కోపంతో కాదు. పక్కింటామెని ఇవాళ ఏం కూర అని అడిగినట్టే అడిగేది. ఆయన జవాబిచ్చినా ఆయన పెదాలు కదలవు గనక ఆమెకి తెలిసే వీలు లేదు.

ఇలా ఉండగా ఎదురుమగ్గం కూతురు తమ్ముడికి ఫోను చేసింది. అమ్మకి పక్షవాతం తగిలింది, ప్రాణానికి భయం లేదు గాని నోరు ఒక పక్కకి లాగేసింది, డాక్టరు ఇంకోసారి వస్తే చెప్పలేమన్నాడు అని. తమ్ముడు ఈ సంగతి అక్కకి అరిచి చెప్పాడు. ఆమెకి సగమే తెలిసింది. మిగతా సగం మరదలు కాగితం మీద రాసి చూపించింది.

నేతక్క ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. మనిషి పోతుందన్న దిగులు ఒకటి. దాని పక్కనే ఎవరికీ చెప్పుకోలేని దిగులు ఇంకొకటి. షెడ్డులో పనిచేసిన వాళ్లలో కొందరు పోయారు, కొందరు ఎక్కడున్నారో తెలియదు. ఆ నోటి మాట తెలిసిన నోరు ఆమెకి తెలిసి అదొక్కటే మిగిలింది. ఇప్పుడది సగమైంది. ఆ మిగిలిన సగమూ పోయేలోగా దాన్ని ఎక్కడైనా దాచుకోవాలి. మాట్లాడుతున్నప్పటి నోటిని, నవ్వు పులుముకున్న నోటిని కాదు.

తమ్ముడు తన పాత ఫోను ఇచ్చి, దీంతో తీసుకో అక్కా అన్నాడు. దాంతోనే ఎదురుమగ్గం కూతురికి వీడియో కాల్ చేసి, ఆమెని బొమ్మలో చూపించాడు కూడా. ఆ బొమ్మ ఆగిపోతుంది, గెంతుతుంది, పెదవి ఒక చోట ఉంటే చూపు ఇంకో చోట ఉంటుంది. సరే, ఫొటోలైనా నేర్చుకుందామని మరదలి మీద పట్టి చూసింది. ఫోను ఎత్తగానే మరదలు మాట ఆపేసి పళ్లు బయటపెట్టి నిలబడింది. మాట్లాడమంటే, ఏం మాట్లాడను వదినా అని సిగ్గుపడింది. ఫోను చూస్తే మనిషి కనబడదు, మనిషిని చూస్తే ఫోను కుదరదు. నేతక్క దాన్ని తమ్ముడికి తిరిగి ఇచ్చేసింది.

చెవి మిషనుకి బ్యాటరీలు కొనే దుకాణం పక్కన పాత కెమెరాల కొట్టు ఒకటుంది. ఎప్పుడూ దాన్ని దాటుకుని పోయేదే గాని లోపలికి అడుగు పెట్టింది లేదు. ఆ వారం బ్యాటరీల అట్ట కొనుక్కుని బయటికి వస్తూ అద్దాల బీరువా ముందు ఆగింది. ఆగిన కాళ్లు లోపలికే నడిచాయి.

కొట్టు ఆయనకి గుబురు మీసం. పై పెదవి మొత్తం ఆ పొదలో దాక్కుంది. ఆయన ఏదో అడిగాడు. ఆమెకి మీసం కదలడం తప్ప ఏమీ కనపడలేదు.

"మీ మీసం నా చెవులకి అడ్డమొస్తోంది," అంది నేతక్క.

ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, ఆమె చెవి వెనక మిషను చూసి, అర్థమై, పగలబడి నవ్వాడు. రెండు వేళ్లతో మీసం పైకెత్తి పట్టుకుని, ఏం కావాలమ్మా అన్నాడు. ఈసారి మాట స్పష్టంగా కనిపించింది. అలా మీసం ఎత్తి పట్టుకునే బేరమంతా సాగింది.

ఆమె తనకి కావలసింది చెప్పింది. మనిషి మాట్లాడుతుంటే తీయాలి. తీసేటప్పుడు కూడా ఆ మాట నాకు కనపడుతూనే ఉండాలి. ఆయన ముందుగా పెద్ద కెమెరా ఒకటి తీసి చేతికిచ్చాడు. అందులోంచి చూస్తే లోకం బాగానే ఉంది. ఆయన్ని మాట్లాడమని చెప్పి మీట నొక్కింది. నొక్కిన క్షణాన కళ్ల ముందు చీకటి మూసుకుని తెరుచుకుంది. మాట మధ్యలో ఒక ముక్క ఎగిరిపోయింది. మగ్గం మీద దారం పుటుక్కుమన్నట్టే అనిపించి ఆమె కెమెరా కింద పెట్టేసింది.

"ఇది తెంపుతోంది," అంది.

ఆయన తల గోక్కుని వివరించాడు. ఈ రకంలో లోపల అద్దం ఉంటుంది, నొక్కినప్పుడు అది పైకి లేస్తుంది, ఏ క్షణాన్ని తీస్తామో సరిగ్గా ఆ క్షణమే మనకి కనపడదు. ఇన్నాళ్లుగా అమ్ముతున్నాను, ఇదొక లోపమని ఎవరూ అనలేదు, మీరన్నాక నాకూ అలాగే ఉంది అన్నాడు. తర్వాత బీరువా వెనక అర నుంచి రెండు చిన్న కెమెరాలు తెచ్చి గుడ్డ మీద పెట్టాడు. వీటిలో అద్దం లేదు, చూసే కిటికీ వేరు, బొమ్మ పడే కన్ను వేరు. కిటికీ ఓ మూలకి ఉంటుంది గనక ఒక కన్ను దానికిచ్చినా రెండో కన్ను మీదే. కిటికీ మధ్యలో పసుపు రంగు చదరం కనిపిస్తుంది. అందులో ఎదుటి మనిషి ఇద్దరుగా విడిపోయి ఉంటాడు. కటకం చుట్టూ ఉన్న కడియం తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి ఒక్కరవుతారు. ఒక్కరయ్యారంటే దూరం సరిగ్గా కుదిరిందని గుర్తు.

నేతక్క కళ్లు మెరిశాయి. తెగిన రెండు కొనల్ని దగ్గరికి తెచ్చి కలపడం ఆమెకి ఒకరు నేర్పాల్సిన పని కాదు. మొదటి కెమెరా కిటికీలో ఆయన ముఖాన్ని కలిపింది, మాట్లాడించింది, నొక్కింది. ఏదీ ఆరిపోలేదు. మాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క దారంగా వచ్చింది.

"ఇది నాకు," అంది.

కొట్టు ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అది వద్దమ్మా, రెండోది తీసుకోండి అన్నాడు. ఎందుకంటే మొదటిదానికి పాదరసం బ్యాటరీ కావాలి, దాన్ని చెయ్యడం ఎప్పుడో మానేశారు. బ్యాటరీ లేకపోయినా మీట పనిచేస్తుంది గాని, వెలుగు ఎంతుందో చూపించే ముల్లు చచ్చిపడుంటుంది. అలవాటున్న వాళ్లు కంటితో అంచనా వేసుకుంటారు, మీకు కొత్త. రెండోదానికి గడియారాల కొట్లో, కిరాణా కొట్లో, ఏ వీధి మలుపులోనైనా దొరికే గుండీ బ్యాటరీలు చాలు. కాకపోతే అవి అయిపోతే మీట కూడా కదలదు. ఈ వయసులో దొరకని దాని వెనక తిరగడం ఎందుకు అని ఆయన ఉద్దేశం.

ఆమె రెండోదాన్ని కూడా పట్టుకుని చూసింది. బాగానే ఉంది. కాని దాని కిటికీ మసకబారింది, పసుపు చదరం వెలిసిపోయింది. పెదాలు కలిశాయో లేదో తెలియడం లేదు. అదీ ఇదీ మార్చి మార్చి చూస్తోంది. దొరికే బ్యాటరీ కావాలా, కనిపించే పెదవి కావాలా?

ఆయన ఏదో అనబోయి ఆగాడు. మీసం వదిలేశాడు. ముఖం పక్కకి తిప్పుకుని గొణిగాడు.

"ఇటు తిరిగి చెప్పండి నాయనా. చెవిటిదాని దగ్గర గుట్టేమిటి?"

ఆయన సిగ్గుపడుతూ మళ్లీ మీసమెత్తి, ఆమె చేతిలో ఉన్న అట్ట వైపు చూపించాడు. చెవి మిషను బ్యాటరీలు కొందరు ఇందులో వాడతారట. ఆ పాదరసం దానికీ దీనికీ కొలత ఒకటే, బలమూ ఇంచుమించు అంతే. మీ చెవి గురించి ఎత్తితే ఏమనుకుంటారోనని చెప్పలేదు అన్నాడు.

నేతక్క అట్ట నుంచి ఒక బ్యాటరీ తీసి, వెనక అంటించిన కాగితం ఊడదీసి, అది గాలి పీల్చుకునేదాకా అరచేతిలో ఉంచుకుని, కెమెరా అడుగున ఉన్న గూట్లో వేసింది. కిటికీలో ముల్లు నిద్ర లేచినట్టు కదిలి, తలుపు వైపు తిప్పితే పైకి, బల్ల కిందికి తిప్పితే కిందికి ఊగింది.

వీధి వీధినా దొరికేదాని కోసం వెతకడం దేనికి, తన ఇంట్లో, తన సొరుగులో, ఎప్పుడూ ఉండేదే దీని తిండి. తన చెవి తినే ముద్దలోంచే దీనికీ ఒక ముద్ద. దేవుడు జవాబివ్వడనుకున్నానే అనిపించింది ఆమెకి. వెంటనే, బ్యాటరీ కొలతల్లో దేవుడు తల దూరుస్తాడా అని తనే నవ్వుకుంది. దూర్చడని మాత్రం ఎవరు చూశారు?

కాగితం ఊడదీశాక ఇవి వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతాయి, జాగ్రత్త అని కొట్టు ఆయన హెచ్చరించాడు. నాకా చెబుతున్నారు అంది నేతక్క.

కాని మనిషికి తన చెవి గుర్తున్నట్టు పరాయి వస్తువు గుర్తుండదు. ఇంట్లో కుర్చీలని, గిన్నెల్ని, కిటికీ బయట చెట్టుని ఒకటి చేస్తూ, విడగొడుతూ సాధన చేసింది. ఫిల్ము రీలు వేయకుండా ఉత్తినే నొక్కింది. తమ్ముడు చూసి, అక్క కెమెరాతో ముచ్చట్లాడుతోంది అని మరదలితో అన్నాడు. ఆ మాట అతను అటు తిరిగి అన్నాడు గాని గోడ మీద అద్దంలో అతని పెదాలు కనిపించాయి. నిజమే కదా అనుకుంది, ఇంకెవరితో ఆడాలి?

రీలు వేయించుకుని, ఒక ఉదయం బస్సెక్కింది. తమ్ముడు తోడు వస్తానంటే వద్దంది. బస్సులో పక్క సీటామె దారి పొడవునా ఏదో చెబుతూనే ఉంది, కిటికీ వైపు చూస్తూ. నేతక్క వీలైన చోట తల ఊపింది.

ఎదురుమగ్గం కూతురి ఇల్లు మూడో అంతస్తులో. గదిలో మంచం కిటికీ పక్కగా ఉంది. ఎదురుమగ్గం దిండ్లకి ఆనుకుని కూర్చుంది. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి ఉతికి ఆరేసిన గుడ్డలా తేలిపోయింది. ఎడమ చెంప కిందికి జారింది. నేతక్కని చూడగానే కుడి కన్ను నిండింది.

నేతక్క మంచం మీద పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఎదురుమగ్గం మాట్లాడింది. మాట్లాడింది అనే గాని, ఇంట్లో వాళ్లతో మాట్లాడి మాట్లాడి గొంతుతో అలవాటు పడింది గనక, గొంతు తీసి ఏదో నమిలింది. పెదవులు కొంచెమే కదిలాయి. నేతక్క చెవి మిషనులోంచి ఆ మూలుగు, పక్క గదిలో టీవీ, కింద రోడ్డు మీద బండ్లు, అన్నీ కలిసి ఉండ చుట్టుకుని వచ్చాయి. ఒక్క ముక్క తెలియలేదు. అమ్మ మిమ్మల్ని ఎలా వచ్చారని అడుగుతోంది అని కూతురు మధ్యలో చెప్పింది. వాళ్లిద్దరి మధ్య ఒక మనిషి మాట మోయాల్సి వచ్చిందంటే అదే మొదటిసారి. ఆలస్యమైపోయిందా?

ఏమైతే అదైందని నేతక్క కెమెరా తీసింది. దాని కిటికీలో చూస్తే ఎదురుమగ్గం ఇద్దరుగా ఉంది. కడియం చివరిదాకా తిప్పినా ఆ ఇద్దరూ కలవలేదు. అంత దగ్గరగా ఉన్న ముఖాన్ని ఈ కెమెరా కలపలేదని కొట్టు ఆయన చెప్పిందే. పైగా ముల్లు లేవలేదు. ఎండ వైపు తిప్పింది, కదలలేదు. సాధన చేసిన వారాలన్నీ బ్యాటరీ లోపల గాలి పీల్చి పీల్చి ఊపిరి వదిలేసింది. మిగతా అట్ట ఇంట్లో సొరుగులో భద్రంగా ఉంది.

ఉన్నది ఒక్కటే బ్యాటరీ, చెవిలో.

ఆమె పెద్దగా ఆలోచించలేదు. మిషను తీసి, చిన్న తలుపు తెరిచి, బ్యాటరీని కెమెరాలోకి మార్చింది. టీవీ పోయింది, బండ్లు పోయాయి, మూలుగు పోయింది. లోకానికి ఎవరో దుప్పటి కప్పారు. ముల్లు లేచి నిలబడింది.

మంచం మీంచి లేచి వెనక్కి నడిచింది. ఒక్కో అడుగుకీ కిటికీలో ఆ ఇద్దరు ఎదురుమగ్గాలూ కాస్త కాస్త దగ్గరయ్యారు. వీపు గోడకి తగలబోతుండగా కలిశారు. ఒక్క మనిషి అయ్యారు. నేతక్క కెమెరా దించి చూసింది. ఆ దూరం ఆమె కాళ్లకి తెలుసు. ఇద్దరి మధ్య ఒక మగ్గం పట్టే దూరం.

మంచం మీది మనిషికి కూడా తెలిసినట్టుంది. దిండు మీంచి తల ఎత్తింది. గొంతు మూసేసింది. నోరు తెరిచింది. కుడి పక్క మాత్రమే కదిలే నోరు, అయినా నిండుగా, షెడ్డులో తెరిచినట్టు తెరిచింది.

"ముసలిదానివైపోయావే," అంది పెదాలతో.

"నీ అంత కాదులే," అంది నేతక్క పెదాలతోనే.

కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గదిలో చప్పుడు లేదు గాని గది నిండా మాటలున్నాయి. ఆ మాటల్లోకి మేస్త్రి వచ్చాడు, క్యాంటీను టీ వచ్చింది, నేతక్క ఒకసారి కొంగు మగ్గంలో ఇరుక్కుపోతే ఎలా కేకలేసిందో, ఆ కేక ఎవరికీ వినపడకపోతే ఎలా తన్నుకుందో, అన్నీ వచ్చాయి. అప్పుడు నేతక్క కెమెరా ఎత్తింది. ఎదురుమగ్గం చూపు నేతక్క భుజం మీంచి వెనక గోడ మీదికి పోయింది. కళ్లు చిట్లించింది. తర్వాత నోరు కదిపింది.

"తెగింది."

ఎన్నాళ్లకి! "కట్టేశా," అంటూ నేతక్క మీట నొక్కింది.

"తెగింది," అంది ఎదురుమగ్గం మళ్లీ.

"కట్టేశా." మళ్లీ నొక్కింది. ఆ మాటనే తలుచుకుని తలుచుకుని సంబరపడుతోందనుకుంది. రీలు చివరిదాకా అదే మాట, అదే జవాబు. ఒక్క ముక్క కూడా ఆరిపోలేదు, ఒక్క దారం తప్పిపోలేదు. చివరికి ఎదురుమగ్గం అలసిపోయి దిండు మీదికి వాలి కళ్లు మూసుకుంది. కూతురు దుప్పటి సర్దింది. నేతక్క ఎదురుమగ్గం చేతిని కళ్లకద్దుకుని బస్సుకి బయల్దేరింది. వినపడని బస్సులో, వినపడని ఊళ్లు దాటుకుంటూ, ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చింది.

ఫొటోలకి వెళ్లిన రోజున కొట్టు ఆయన మీసం సగానికి సగం కత్తిరించి ఉన్నాడు. మీకోసమేనమ్మా, మా ఆవిడ కూడా సంతోషించింది అన్నాడు. కవరు చేతికిస్తూ, ఒక్క దాంట్లో కూడా నవ్వు పడలేదని నొచ్చుకున్నాడు. ఇంట్లో మరదలూ అదే అంది. అయ్యో, నోటి వంకర మరీ కనపడుతోంది వదినా, కాస్త బాగున్నప్పుడు తీయలేకపోయావా అని.

నేతక్క గదిలో మంచం మీద ఫొటోలన్నీ వరసగా పరిచింది. మిగతా వాళ్లకి అవి ఒక జబ్బు మనిషి బొమ్మలు. ఆమెకి అవి మాటలు. తెగింది. తెగింది. తెగింది. ఆ ముఖాన్ని ఒక్కో ఫొటోలో చదువుతూ పోయింది. మధ్యకి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది.

అది సంబరం కాదు. మొదటి ఫొటోలో కుదురుగానే అంది. రెండో దాంట్లో కనుబొమ ముడిపడింది. ఆ తర్వాతి దాంట్లో మెడ ముందుకి సాగింది. చివరి వాటిలో మంచి చెయ్యి కూడా దుప్పటి మీంచి లేచి, వెనక్కి చూడు వెనక్కి చూడు అన్నట్టు ఊగి మసకగా పడింది. కన్ను బెదిరి ఉంది. జవాబు రాని మనిషి ముఖమది.

నేతక్క కెమెరా తీసి గోడ మీది అద్దం ముందు నిలబడి కంటికి పెట్టుకుంది. అద్దంలో కెమెరా, దాన్ని పట్టుకున్న రెండు చేతులు కనిపించాయి. ముక్కు కింద నుంచి గడ్డం దాకా ఆ చేతుల వెనక పోయింది. "కట్టేశా," అంది. అద్దంలో ఏమీ కదలలేదు.

ఎదుటి నోరు ఒక్క క్షణం కూడా కనుమరుగు కాకూడదని ఇన్ని కెమెరాల్లో ఏరి ఏరి దీన్ని తెచ్చుకుంది. తనకీ ఒక నోరుందని, అవతల దాని కోసం చూసే కళ్లున్నాయని తోచనే లేదు. ఎదురుమగ్గం తన వంతు మర్యాద తప్పలేదు. ఓపిక ఉన్నంతసేపూ అంటూనే ఉంది. తెగిన దారం తెగినట్టే ఉందనుకుని, గుడ్డలో గీత పడిపోతోందనుకుని, కళ్లు మూసుకుంది.

ఆ పూట ఆమె అన్నానికి లేవలేదు. దేవుడి పటం ముందుకి వెళ్లి కూడా ఏమీ అడగలేదు. ఆయన ఇన్నాళ్లూ జవాబులు చెబుతూనే ఉన్నాడేమో, నోటికి ఏదో అడ్డం పెట్టుకుని ఉన్నాడేమో అని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన ఓదార్పో కాదో ఆమెకి తేలలేదు.

మళ్లీ వెళ్లాలి. వెళుతుంది. కాని తమ్ముడు ఫోను చేసి కనుక్కుంటే ఎదురుమగ్గాన్ని మళ్లీ ఆస్పత్రిలో చేర్చారని, ఇప్పట్లో ఎవర్నీ చూడనివ్వరని, కూతురు మాత్రం లోపలికి వెళ్లి వస్తోందని తెలిసింది. కూతురి చేతికి ఏమైనా పంపితే చూపిస్తుందట.

నేతక్క వంటింటి గుమ్మంలో నిలబడి మరదల్ని పిలిచింది. కెమెరా చేతికిచ్చి, పసుపు చదరం చూపించి, ఇద్దర్ని ఒకరిని చెయ్యడం నేర్పింది. మరదలు భయపడింది, పాడుచేస్తానేమో వదినా అంది. చెయ్యవులే, గుడ్డ నేసినంత కష్టం కాదు అంది నేతక్క. చెవి మిషనులోంచి బ్యాటరీ తీసి కెమెరాలో వేసింది. సొరుగులో కొత్తవి ఉన్నాయి, అయినా దీన్నే వేసింది. గది చాలదని మరదల్ని వంటింట్లోకి, పొయ్యి దాకా వెనక్కి నడిపించి, తను గదిలో కిటికీ వెలుగులో నిలబడింది. కలిశామా అని అడిగింది. మరదలు కెమెరా వెనక నుంచి తల ఊపింది.

నేతక్క కొంగు సర్దుకుంది. వెనక్కి తిరిగి, లేని మగ్గం మీద లేని దారాన్ని రెండు వేళ్లతో ముడేసి, ఇటు తిరిగింది. గొంతు తీయకుండా, నోరు నిండుగా తెరిచి, పెదాలు నిండుగా కదిపి అంది.

"కట్టేశా."

మరదలు నొక్కింది. తర్వాత కెమెరా దించింది. పొయ్యి మీద ఏదో మరుగుతున్నట్టుంది, ఆవిరి లేస్తోంది. ఆమె అటు తిరగలేదు. ఇటే చూస్తూ, నెమ్మదిగా పెదాలు కదిపింది. ఏమన్నావు వదినా?

నేతక్క మళ్లీ అంది. మరదలు ఆ మాటని తన పెదాల మీద పెట్టుకుని చూసింది, రుచి తెలియని ముద్దని చూసినట్టు. సరిగ్గా రాలేదు.

"ఇంకొంచెం తెరువు నోరు," అంది నేతక్క.